లూసియానా ఫ్రెంచివారు – వారి పల్లెపాట పునరుద్ధరణము

1758వ సంవత్సరము డిసెంబరు మాసమున పిఠాపురమునకు సమీపమున చందుర్తి యొద్ద ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని జరిగిన యుద్ధము తెలుగువారి చరిత్రలో ప్రసిద్ధము. మరుసటి సంవత్సరము మచిలీపట్టణపు కోట పడిపోయెను. బుస్సీ సంపాదించిన ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేయి దాటెను. 1763 నాటి పారిసు సంధి ననుసరించి తెలుగు తీరమున వారికి తిరిగి దక్కినవి యానాము వంటి చిన్న వర్తక స్థానములు మాత్రమే. అదే సంధివలన భూగోళపు ఆవలి వైపున కెనడా దేశమును ఫ్రెంచివారు ఆంగ్లేయులకు వదలుకొనిరి. ఆ రెండవ రంగమున ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న యొక ఫ్రెంచి వ్యవసాయ జనము కథ తెలుగు పాఠకులకు అంతగా పరిచితము కాదు. యానాములో ఫ్రెంచి ఏలికల భాష, కచేరీ భాష. 1954 వరకు అచటి తెలుగువారు దానిని అధికారుల నోటనే వినిరి. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున అదే ఫ్రెంచి బీదరైతుల యింటి భాష. బడిలో దండనకు గురియైన భాష. ఆ భాష పాటను ఆశ్రయించి నిలిచిన విధమును, 1960 ప్రాంతమున నగర యువకులు పల్లెపాటకై వెదకబూనినపుడు దానికి కలిగిన గౌరవమును, ఆ గౌరవము భాషకు ఎంతవరకు మేలు చేసెనను విషయమును ఇట పరిశీలింపవలసి యున్నది.

నేటి కెనడా తూర్పు తీరమునకు పూర్వము అకాడియా యని పేరు. 1604 మొదలు ఫ్రెంచి రైతులు అచట నివాసము లేర్పరచుకొని, సముద్రపు ఆటుపోట్లకు కట్టలు కట్టి, బురదనేలలను సాగుభూములు గావించిరి. 1713లో ఆ ప్రాంతము ఆంగ్లేయుల వశమయ్యెను. ఆంగ్ల ప్రభువునకు నిర్నిబంధముగా విధేయతా ప్రమాణము చేయుటకు రైతులు సమ్మతింపలేదు. 1755లో వారిని ఓడలకెక్కించి దేశమునుండి వెడలగొట్టిరి. కుటుంబములు చెదరిపోయెను. కొందరు అమెరికా తీరములందును, కొందరు ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములందును చిరకాలము దిక్కులేక తిరిగిరి. 1765 ప్రాంతము నుండి వారు లూసియానా చేరసాగిరి. 1785లో ఫ్రాన్సు నుండి ఏడు ఓడలలో సుమారు 1,600 మంది వచ్చిరి. అప్పుడు లూసియానా స్పెయిను ప్రభుత్వము క్రింద నుండెను. 1803లో అది అమెరికా సంయుక్త రాష్ట్రముల పాలయ్యెను. 'అకాడియన్' అను పేరు జనుల నాలుకపై అరిగి 'కేజన్' అయినది.

వీరు స్థిరపడిన నేల రెండు విధములు. దక్షిణమున సముద్రము వైపు బేయూలనబడు మందప్రవాహపు కాలువలు, చిత్తడి అడవులు; పడమటి వైపున విశాలమైన గడ్డిమైదానములు. మమూ, యూనిస్, బాసీల్, వీల్ ప్లాట్ అను చిన్న ఊళ్లన్నియు ఈ మైదానమునందే యున్నవి. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి అచట వరి విస్తారముగా పండుచున్నది. కేజనుల చుట్టును వారొక్కరే లేరు. ఫ్రెంచి మాటాడు నల్లజాతి వారైన క్రియోలులు, జర్మనులు, స్పెయినువారు, ఆదిమ అమెరికా తెగలవారు వారికి ఇరుగుపొరుగు. కనుక 'కేజన్ సంగీత'మనునది ఫ్రాన్సునుండి దిగుమతియైన సరుకు కాదు. ఇంటిలో స్త్రీలు వాద్యము లేకుండ పాడుకొను పాతకాలపు కథాగేయములు ఫ్రాన్సువి. ఫిడేలు కూడ వారు వెంట తెచ్చుకొన్నదే. లయలోని విరుపులును, గుండె చీల్చుకొని యరచినట్లుండు గొంతుకయు నల్లజాతివారి సాంగత్యమున వచ్చినవి. అకార్డియను జర్మనులది. మన హార్మోనియము వలె తిత్తితో గాలి నింపి మ్రోగించు ఈ వాద్యము పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అచట ప్రవేశించెను. పది మీటలు మాత్రమే గల ఈ పెట్టెకు రెండు గుణములు: ధర తక్కువ, ధ్వని ఎక్కువ. మైకు లేని దినములలో వందమంది అడుగులు వేయు గదిలో ఫిడేలు వినబడదు, ఇది వినబడును. తాళమునకు ఉక్కు త్రికోణము. గడ్డి పోగుచేయు దంతె పండ్లను వంచి దానిని చేసికొనెడివారు.

శనివారము రాత్రి ఎవరో యొకరి యింట సామానులు బయట పెట్టి నాట్యమునకు చోటు చేసెడివారు. పసిపిల్లలను ప్రక్కగదిలో పరుండబెట్టి నిద్రపుచ్చుచు తల్లులు పలుకు మాట 'ఫే దో దో', అనగా బజ్జోమని. చివరకు ఆ నాట్యమునకే ఆ పేరు స్థిరపడినది. లెంటు ఉపవాస దినములకు ముందు వచ్చు మార్డీగ్రా పండుగనాడు మగవారు వేషములు ధరించి, ముసుగులు వేసికొని, గుఱ్ఱములపై ఇల్లిల్లు తిరిగి, పాడి, ఆడి, ఇంటివారినడిగి కోడిని సంపాదించుకొని, సాయంకాలము ఊరందరికి కూడు వండుదురు. సంక్రాంతికి ఇల్లిల్లు తిరుగువారిని, పగటివేషగాండ్రను చూచి పెరిగినవారికి ఇందలి రస మేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి జీవితమునకు మొదటి దెబ్బ బడినుండి వచ్చెను. 1916లో లూసియానాలో నిర్బంధ విద్యాశాసనము అమలునకు వచ్చినది. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగము ప్రభుత్వ పాఠశాలలందు బోధన ఆంగ్లముననే జరుగవలెనని విధించెను. శాసనముకంటె ఆచరణ కఠినము. బడి ఆవరణలో ఫ్రెంచి మాటాడిన పిల్లవానిచే, ఇకమీద మాటాడనని వందలసార్లు వ్రాయించెడివారు, మోకాళ్లపై నిలువబెట్టెడివారు, బెత్తముతో కొట్టెడివారు. ఆంగ్లము రాక, బయటకు పోవుటకు అనుమతి అడుగు మాట తెలియక, తరగతిలోనే బట్టలు తడుపుకొన్న పిల్లల గాథలు ఆ తరమువారు ముసలితనమున గూడ మరువలేదు. శిక్షించిన ఉపాధ్యాయులలో పెక్కురు ఆ భాషవారే యగుట ఇందు విషాదకరము. వారు క్రూరులని చెప్పుట న్యాయము కాదు. పిల్లలు బాగుపడవలెనన్న ఆంగ్లమొక్కటే త్రోవయని వారు మనసార నమ్మిరి. ఆ పిల్లలు పెద్దవారై తలిదండ్రులైనపుడు తమ బిడ్డలతో ఫ్రెంచి మాటాడుట మానిరి. తాము పడిన అవమానము వారు పడరాదని వారి యుద్దేశము. భాష ఒక తరములో తెగిపోవుటకు ఇంతకుమించిన కారణ మక్కరలేదు.

బడి మూసిన నోటిని పాట కొంతకాలము తెరచియుంచెను. 1928 ఏప్రిలులో జో ఫాల్కన్, క్లియోమా బ్రో దంపతులు కాబోవు జంట న్యూ ఆర్లియన్సులో కొలంబియా కంపెనీకి పాడిన 'అలోం జా లఫాయెత్' మొదటి కేజన్ గ్రామఫోను రికార్డు. కంపెనీవారికి ఆ పాటపై నమ్మకము లేకపోయినను అది అమ్ముడుపోయినది. గ్రామఫోను పెట్టె లేని యిండ్లవారు సైతము తమ భాషలో పాట వెలువడెనని ఆ రికార్డును కొనిరని చెప్పుదురు. 1929లో అమేదే ఆర్డోఁ అను నల్లజాతి క్రియోలు అకార్డియను వాయించుచు పాడగా, డెనిస్ మగీ అను శ్వేతజాతి కేజన్ ఫిడేలు పట్టెను. జాతుల నడుమ గోడలు కట్టిన దక్షిణ రాష్ట్రములలో ఇట్టి జోడు అరుదు. ఆర్డోఁ పాటలో వియోగ దుఃఖమున్నది. అది నల్లజాతి కూలీల బ్లూసునకు ఫ్రెంచి రూపమే. శ్వేతజాతి స్త్రీ యొకతె చెమట తుడుచుకొనుమని రుమాలు ఇచ్చినందులకు దుండగులు ఆతనిని చావగొట్టి విడిచిరనియు, అటుపిమ్మట మతి చలించెననియు జనులు చెప్పుకొందురు. 1942లో ఆతడు పైన్‌విల్ పట్టణపు మానసిక వైద్యశాలలో మరణించెను. తరువాత వచ్చిన కేజన్ అకార్డియను గాయకులందరును ఆతని బాణీకి ఋణపడినవారే.

1930 తరువాత చమురు బావులు, రహదారులు, రేడియోలు ఆంగ్లమును పల్లెల నడిబొడ్డునకు తెచ్చెను. అకార్డియను వెనుకబడినది, టెక్సాసు ధోరణి గల తీగవాద్యముల మేళములు ముందునకు వచ్చెను. యుద్ధ కాలమున జర్మనీనుండి అకార్డియనులు వచ్చుట ఆగిపోయెను. యుద్ధము ముగిసి సైనికులు ఇండ్లకు చేరిన తరువాత వారికి పాత పాట కావలసి వచ్చినది. 1948లో ఐరీ లెజూన్ అను చూపు మందగించిన యువకుడు ఆర్డోఁ బాణీలో పాడి ఇచ్చిన రికార్డు అకార్డియనునకు మరల ప్రాణము పోసెను. లేక్ చార్లెసులో సిడ్నీ బ్రౌన్ అనునతడు అకార్డియనులను స్వయముగా చేయ నారంభించెను. కనుక నగరమునుండి ఎవరో వచ్చి ఈ పాటను బ్రదికించిరనుట సరికాదు. వారు రాకముందే అది తన వారి నడుమ పడి లేచినది. పడియున్నది దాని గౌరవము మాత్రమే. చదువుకొన్న కేజనులు దానిని 'చంక్-అ-చంక్' అని వెక్కిరించెడివారు. పట్టణపు పెద్దింట అది వినబడిన తలుపు వేసికొనెడివారు.

ఆ కాలముననే ఉత్తరపు నగరములలో వేరొక గాలి వీచుచుండెను. జాన్ లోమాక్సు, ఆతని కుమారుడు అలన్ లోమాక్సు 1933 నుండి రికార్డు యంత్రమును కారులో వేసికొని దక్షిణ రాష్ట్రముల చెరసాలలును, ప్రత్తి క్షేత్రములును తిరిగి పాటలు సేకరించిరి. 1934లో వారు లూసియానా ఫ్రెంచి పాటలను గూడ పట్టిరి. 1952లో హారీ స్మిత్ అను విచిత్ర వ్యక్తి తన పాత రికార్డుల కుప్పనుండి 84 పాటలను ఏరి ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా సంపుటములుగా ప్రకటించెను. పూర్వము కంపెనీలు నల్లవారి రికార్డులకు ఒక పట్టిక, తెల్ల పల్లెవారికి వేరొక పట్టిక అచ్చొత్తించెడివి. స్మిత్ ఆ గోడ తీసివేసి ఎవరిది ఏ జాతియో చెప్పక అన్నింటిని కలిపివేసెను. అందు కేజన్ పాటలును ఉండెను. న్యూయార్కు, బోస్టను, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆ సంపుటములను అరుగునట్లు విని, అందలి గాయకులు ఏ పురాతన కాలము వారో యని భ్రమపడిరి. తండ్రులు కట్టిన నగర సౌఖ్యము, యంత్ర జీవితము, కొనుగోళ్ల వ్యామోహము ఆ యువకులకు రుచింపలేదు. పల్లెయందు నిజమైన బ్రదుకు కలదని వారు తలచిరి. ఆ తలపులో అజ్ఞానము కొంత యున్నను వంచన లేదు. (మన దేశమున ఇంచుమించు అదే కాలమున, 1956లో, బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధక పట్టము పొందిరి. ఆయన వెదకినది తన ఇరుగుపొరుగు పాట. అమెరికా యువకులు వెదకినది పరుల పాట. తేడా చిన్నది కాదు.)

1963లో ఒక యువకుడు 1928 నాటి రికార్డులో వినబడిన ఊరి పేరు పట్టుకొని మిసిసిపీ రాష్ట్రమున అవలాన్ అను పల్లెకు పోయి, పశువులు కాచుకొనుచున్న జాన్ హర్ట్ అను వృద్ధ బ్లూసు గాయకుని కనుగొనెను. ఆ సంవత్సరమే హర్ట్ న్యూపోర్టు ఉత్సవమున వేదిక ఎక్కెను. 1964 జూనులో స్కిప్ జేమ్సు ఆసుపత్రిలోను, సన్ హౌస్ రోచెస్టరు నగరమునందును కనబడిరి. సన్ హౌస్ వాయించుట ఎన్నడో మానివేసెను. ఆతని పాత రికార్డులను వల్లెవేసిన అలన్ విల్సన్ అను యువకుడు ఆతని పాటలను ఆతనికే మరల నేర్పవలసి వచ్చెను. ఆ జూను మాసముననే మిసిసిపీలో నల్లవారి ఓటుహక్కునకై పనిచేయుచున్న ముగ్గురు యువకులు హత్య చేయబడిరి. పాటకై పోయినవారును, ఓటునకై పోయినవారును ఒకే వయసువారు, ఒకే రహదారిపై పోయినవారు. ధన విషయమున చరిత్ర అంత అందముగ లేదు. లెడ్ బెల్లీ అను గాయకుడు 1949లో పేదవాడై మరణించెను. మరుసటి సంవత్సరమే ఆతని 'గుడ్ నైట్ ఐరీన్' పాట ఇతరుల నోట దేశమంతట మారుమ్రోగెను. ఆ పాటపై కర్తృత్వ హక్కులో జాన్ లోమాక్సు పేరును చేరియుండెను.

లూసియానాలో ఈ రెండు పాటలను, అనగా బ్లూసును కేజన్ పాటను, ఒక్క చేతితో పట్టినవాడు హారీ ఆస్టర్ అను ఆంగ్లోపన్యాసకుడు. 1950 దశాబ్ది చివర ఆయన అంగోలా చెరసాలలో రాబర్టు పీట్ విలియమ్సు బ్లూసును, మమూ ప్రాంతమున ఫ్రెంచి పాటలను రికార్డు చేసెను. మమూలో అంతకు పూర్వమే కొందరు స్థానికులు మేలుకొనియుండిరి. 1950 దశాబ్ది తొలినాళ్లలో న్యాయవాది పాల్ టేటు, ఉపాధ్యాయుడు రెవన్ రీడు మొదలగువారు ఆగిపోయిన మార్డీగ్రా గుఱ్ఱపు సవారీని తిరిగి నడిపించిరి. 1962 నుండి రీడు ప్రతి శనివారము ఉదయమున ఫ్రెడ్ లౌంజి అను పానశాలనుండి ఫ్రెంచి వ్యాఖ్యానముతో ప్రత్యక్ష రేడియో ప్రసారము నడపెను. బడిలో నిషిద్ధమైన భాషను బడిపంతులే పానశాలలో నిలబెట్టుట గమనింపదగినది. 1976లో ఆయన ఆ మాండలికముననే గ్రంథము గూడ వ్రాసెను.

న్యూపోర్టు ఉత్సవము 1963 నుండి లాభాపేక్ష లేని సంస్థగా మారి, వచ్చిన ధనములో కొంత పల్లె గాయకులను వెదకుటకు వినియోగించెను. ఆ పనిపై తిరిగిన రాల్ఫ్ రిన్‌జ్లర్ 1964లో లూసియానాకు వచ్చి గ్లేడియస్ తిబోదో, విన్నెస్ లెజూన్ అను ఇద్దరిని ఆహ్వానించెను. గిటారు పట్టువాడు కావలసి రాగా చివరి క్షణమున డ్యూయీ బల్ఫా చేరెను. ఇట్టి మోటు సంగీతమును అంత పెద్ద వేదికపై వినిపించిన రాష్ట్రమునకు తలవంపులగునను ధోరణిలో స్థానిక పత్రికలో విమర్శ వచ్చినది. బల్ఫా పౌరుషమునకు అది సమిధ యయ్యెను. ఆతడు కౌలు రైతు కొడుకు. పొలము దున్నెను, బీమా పాలసీలు అమ్మెను, బడి బస్సు నడిపెను. ఇన్నూరు మందికి మించిన సభను అదివరకు ఎరుగడు. న్యూపోర్టులో 17,000 మంది లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్ల ప్రతిధ్వనిని తన యూరికి తీసికొనిపోవలెనని ఆతడు సంకల్పించుకొనెను. పొగడ్త విన్న గాయకులు పట్టణములలోనే నిలిచిపోవుట లోకమున సర్వసామాన్యము. ఈతడు ఇంటికి వచ్చెను. ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు న్యూపోర్టు సభ కాదు, ఈ తిరుగు ప్రయాణమే.

వచ్చి చేసిన పని చిన్నదిగా మొదలైనది. వీల్ ప్లాట్‌లో రికార్డులు ముద్రించు ఫ్లాయిడ్ స్వాలో అనునతనిని కలిసి తన అన్నదమ్ముల పాత తీరు పాటను ప్రకటింపుమని కోరెను. ఇది ఎవరు కొందురని ఆ వర్తకుడు మొదట జంకెను, తరువాత ప్రకటించెను, అది అమ్ముడుపోయెను. న్యూపోర్టు సంస్థ ధనముతో రాష్ట్రములోని చిన్న ఊళ్ల జాతరలలో గాయకులకు పోటీలు, బహుమానములు ఏర్పడెను. 1967లో బల్ఫా సోదరులు తిరిగి న్యూపోర్టులో పాడిరి. ఆ తరువాత డ్యూయీ బల్ఫా బడులలో ప్రవేశించెను. తన తరమువారు ఫ్రెంచి పలికి దెబ్బలు తిన్న తరగతి గదులలో ఫిడేలు చేతబట్టి నిలిచి, పాటకు అర్థము చెప్పి, ఈ భాష మీ తాతలదని పిల్లలకు చెప్పెను. 1979లో ఇద్దరు సోదరులు కారు ప్రమాదమున మరణించిరి. మరుసటి సంవత్సరము భార్య పోయెను. ఆతడు మానలేదు. 1982లో కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్కృతీ వారసత్వ పురస్కారము పొందెను; 1992లో కాలధర్మము చెందెను.

ఇక భాష సంగతి. 1968లో లూసియానా శాసనసభ ఫ్రెంచి అభివృద్ధి మండలిని స్థాపించినది. అధ్యక్షుడు జేమ్సు డొమాంజో అను న్యాయవాది, పట్టుదల గలవాడు. బడులలో ఫ్రెంచి నేర్పుటకు స్థానికులైన శిక్షిత ఉపాధ్యాయులు లేకపోగా ఫ్రాన్సు, బెల్జియము, క్విబెక్కులనుండి వందలకొలది ఉపాధ్యాయులను రప్పించెను. ఇచ్చటనే చిక్కు పుట్టినది. బిడ్డ బడిలో నేర్చిన పారిసు ఫ్రెంచిలో అవ్వను పలుకరించిన ఆమెకు అది పరభాషవలె తోచెను. అవ్వ మాట బిడ్డకు తప్పుల తడకగ తోచెను. పూర్వము ఆంగ్లము ముందు సిగ్గుపడినవారు ఇప్పుడు మంచి ఫ్రెంచి ముందు సిగ్గుపడవలసి వచ్చినది. 1977లో క్రౌలీ పట్టణపు ఉపాధ్యాయుడు జేమ్సు ఫాక్ ఇంటి పలుకుబడినే పాఠముగా వ్రాసి, ఆంగ్ల వర్ణక్రమమును పోలిన వ్రాతతో పాఠ్యపుస్తకము ప్రకటించెను. మండలివారు దానిని మెచ్చలేదు. ఆ వ్రాత నేర్చిన బిడ్డ ఏ ఫ్రెంచి గ్రంథమును చదువజాలడని వారి వాదము. ఆ మాట రాని బిడ్డ తన యింటిలో ఎవరితోను మాటాడజాలడని ఫాక్ పక్షము. ఇరువురును సగము సత్యము చెప్పినవారే. ఉభయులకు సమ్మతమైన మార్గము, అనగా ఇంటి మాటతో ఆరంభించి గ్రంథ భాషకు చేర్చు పద్ధతి, చాల ఆలస్యముగ రూపొందినది.

తెలుగు రాష్ట్రముల వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ వివాదము కొత్త కాదు. హోసూరు ఇంటి తెలుగు వేరు, బరంపురపు ఇంటి తెలుగు వేరు, పాఠ్యపుస్తకములోని తెలుగు వేరు. అయినను లూసియానా పిల్లలకు లేని ఆధారము ఇచట కలదు. 1956లో మన రాజ్యాంగమునకు చేర్చబడిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధన కల్పించుట రాష్ట్రముల బాధ్యతగా చెప్పుచున్నది. అది కాగితముపై నున్నంత బలముగ తరగతి గదిలో లేదన్న మాటయు నిజమే. 2006 నాటి తమిళ అభ్యసన శాసనము తరువాత తమిళనాటి తెలుగు బడులు ఎదుర్కొన్న చిక్కులు దానికి నిదర్శనము.

1974 మార్చి 26వ తేదీన లఫాయెత్ పట్టణమున కేజన్ సంగీతమునకు గౌరవార్థము ఒక మహాసభ జరిగెను. వానలోను సుమారు 12,000 మంది వచ్చిరి. డొమాంజో మొదట పల్లె సంగీతమును తన ఉద్యమమునకు తగినదిగా తలపలేదు. బారీ ఆన్సలే అను యువ విద్వాంసుడును, రిన్‌జ్లర్‌ను ఆతనిని ఒప్పించిరి. సభలో ముసలి రైతులు వేదికపై కూర్చుండి వాయించుచుండ, వినువారిలో జుట్టు పెంచిన విద్యార్థులును, ఎన్నడు ఆ పాటను ఇంటిలోనికి రానీయని పట్టణపు పెద్దలును కలసి కూర్చుండిరి. అదే సంవత్సరమున రాష్ట్రమునకు వచ్చిన కొత్త రాజ్యాంగము జనులు తమ భాషాసంస్కృతులను కాపాడుకొను హక్కును గుర్తించెను.

ఆ జుట్టు పెంచిన విద్యార్థులలో కొందరు రాక్ సంగీతము విడిచి తాతల పాటకు మరలిరి. మైకేల్ డూసే ఫ్రాన్సుకు పోయి, అచటి యువకులు తన ఊరి పాటను భక్తితో వినుట చూచి ఆశ్చర్యపడి, తిరిగివచ్చి 1975లో ప్రభుత్వ వేతనముతో డెనిస్ మగీ, కాన్రే ఫోంతనో వంటి వృద్ధుల ముంగిట కూర్చుండి ఫిడేలు నేర్చెను. ఆతని దాయాది జకారీ రిషార్ 1755 నాటి వలసపై పాట కట్టి, క్విబెక్కులో కీర్తి పొందెను. మార్క్ సవోయ్ పంథా వేరు. ఆతడు ఎచటికిని పోలేదు. 1966లో యూనిస్‌లో అంగడి తెరచి అకార్డియనులు చేయుచు, శనివారము ఉదయము అంగడిలోనే వాయించువారిని కూర్చెను. నగర నాగరికతకు ఎదురు తిరుగుటయన పల్లెకు వలసపోవుట యని ఉత్తరపు యువకులు తలచిరి. ఆతనికి అది పుట్టిన ఊరిలో చేతిపని చేసికొనుచు ఉండుట.

నల్లజాతి క్రియోలుల పాట కథ కొంత భిన్నము. కాన్రే ఫోంతనో, బోయిసెక్ ఆర్డోఁ 1966లో న్యూపోర్టునకు పోయిరి. క్లిఫ్టన్ షెనియే బ్లూసును, ఫ్రెంచి పాటను పెద్ద అకార్డియనుపై మేళవించి జైడెకో అను బాణీని లోకప్రసిద్ధము గావించెను. 1964లో ఆతనిని విని ముగ్ధుడైన అర్హూలీ రికార్డుల యజమాని క్రిస్ స్ట్రాక్‌విట్సు పాత ఫ్రెంచి పాటలు పాడుమనెను. షెనియే తనకు ఆధునికమైన ఆంగ్లపు బాణీ కావలెననెను. కడకు చెరి సగమునకు ఒప్పందము కుదిరినది. ఈ వృత్తాంతమును చాలమంది నవ్వుటాలుగ చెప్పుదురు. ఇందు నవ్వులాట తక్కువ. పాడువాడు నేటివాడుగ ఉండగోరును. వినవచ్చినవాడు ఆతడు నిన్నటివాడుగ ఉండవలెనని కోరును. పల్లెపాట పునరుద్ధరణ జరిగిన ప్రతిచోట ఈ పెనుగులాట కనబడును. షెనియే విషయమున ప్రజలు మెచ్చినవి చివరకు ఫ్రెంచి పాటలే యగుటచే వివాదము సమసినది. 1984లో ఆతనికి గ్రామీ బహుమానము వచ్చెను.

లెక్కలు చూచిన పాట గెలిచినట్లు భాష గెలువలేదు. 1970 జనగణనలో లూసియానాలో ఫ్రెంచి మాతృభాషగా చెప్పుకొన్నవారు 5,70,000 మందికి పైబడిరి. 2000 జనగణన నాటికి ఇంటిలో ఆ భాష మాటాడువారు రెండు లక్షలకు లోపు. రెండు ప్రశ్నలు ఒకటి కాకపోయినను పతనము స్పష్టము. ఆ మధ్యకాలమే కేజన్ పాటకు వైభవ కాలము: ఉత్సవములు, బహుమానములు, దేశాంతర యాత్రలు. వాల్ట్జు నాట్యమాడుటకు వచ్చిన జనులు పాటలోని మాట అర్థము కాకుండగనే ఆడుచున్నారు. పాడువారిలో అనేకులు పాత రికార్డులు విని ధ్వనిని అనుకరించి నేర్చినవారు. పాట మాటను కొంతకాలము మోయగలదు గాని మాటాడు తల్లియు బిడ్డయు లేని చోట దానిని పుట్టింపలేదు. బల్ఫాకు ఇది తెలియును. అందుచేతనే ఆతడు సభలు చాలనక బడులకు పోయెను.

1980 దశాబ్దినుండి కొన్ని బడులలో అన్ని పాఠములను ఫ్రెంచిలోనే బోధించు పద్ధతి వచ్చినది. అందు చదివిన పిల్లలు భాష నిజముగ మాటాడగలిగిరి. దక్షిణపు చిత్తడి ప్రాంతమున పాయింట్ ఓ షీన్ అను గ్రామమున ఫ్రెంచి మాటాడు ఆదిమ తెగవారును కేజనులును కలసియుందురు. 2021లో అచటి ప్రాథమిక పాఠశాలను జిల్లా అధికారులు మూసివేసిరి. ఊరివారు ఊరకుండక శాసనసభ వరకు పోయిరి. 2023 ఆగస్టులో ఫ్రెంచి మాధ్యమమున కొత్త బడి అచట తెరువబడెను. మొదట చేరినవారు చిన్న తరగతుల పిల్లలు. స్థానిక పలుకుబడిని గూడ వారికి నేర్పవలెనని ఏర్పాటు.